అత్తయ్య ఏ కాలు ముందు పెట్టింది

“అమ్మ గడప దాటింది జ్యోతీ” అని ఆయన అన్నప్పుడు నా రెండు చేతులూ మణికట్ల దాకా గోరింటాకులో ఉన్నాయి. ఫోను మా అమ్మ నా చెవి దగ్గర పట్టుకుంది, పట్టుకోవడం తలకిందులుగా పట్టుకుంది, అందుకని ఆయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టు వచ్చింది. అయినా ఆ మూడు మాటలూ స్పష్టంగా వినపడ్డాయి. ఏ గడప అన్నాను. వీధి గడప అన్నాడు. కర్ర పట్టుకుని బయటికి వెళ్ళిందట, అరుగు మీద నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకుందట, మళ్ళీ తిరిగి లోపలికొచ్చిందట, తను ముట్టుకోలేదట, వెనకాలే ఉన్నాడట, అంతే. “లోపలికొచ్చేటప్పుడు ఏ కాలు ముందు పెట్టారండీ?” అని అడిగాను. “ఆఁ?” అన్నాడు. “కాలండీ, కాలు. ఏ కాలు?” “అది చూళ్ళేదే!” “చూళ్ళేదా? మరేం చూశారు?” “అమ్మ మొహం చూశాను” అన్నాడు. తర్వాత తనే అన్నాడు, అమ్మ అలిసిపోయి పడుకుంది, ఒక గంటలో లేస్తుంది, లేచాక నీతో తనే మాట్లాడతానంది, నీకేదో చెప్పాలట అని. ఏంటట అంటే, “నాక్కూడా చెప్పలేదు, మీ అత్తాకోడళ్ళ మధ్య నేనెవరిని?” అని నవ్వాడు. ఫోను పెట్టేశాక అమ్మ నా మొహంలోకి చూసి, “గోరింటాకు ఇంకో గంట తియ్యకూడదు, గెంతావంటే గోడలన్నీ ఎర్రగా అవుతాయి, కదలకే” అంది. నేను గెంతలేదు. గెంతినంత పని చేశాను, కూర్చున్న చోటే.

ఒక గంట. కోడూరులో మా వసారాలో, స్తంభానికి ఆనుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, పది వేళ్ళకీ పది టోపీలతో, ఒక గంట. ముక్కు వెంటనే దురద పెట్టింది. చేతులు ఖాళీ లేనప్పుడు ముక్కుకి ఇన్ని కోరికలుంటాయని తెలీదు. భుజానికేసి రుద్దుకున్నాను, చీర అంచుకేసి రుద్దుకున్నాను, చివరికి అమ్మని పిలిస్తే వచ్చి గోకి, “నువ్వేం పెళ్ళికూతురివే” అని వెళ్ళిపోయింది. ఎదురుగా కాలవలోకి నీళ్ళొదిలి నాలుగు రోజులైంది. అవతలి గట్టున ఎవరిదో నారుమడి, ఆ పచ్చని ఏమంటారో నాకు తెలుసు, ఎమ్మెస్సీలో మూడు పేజీలు రాశాను దాని గురించి, కానీ ఆ పచ్చ చూస్తే ఇప్పుడు గుర్తొచ్చేది పత్రహరితం కాదు, ఆయన లుంగీ. అచ్చం అదే రంగు. పెళ్ళైన మూడో రోజు పొద్దున ఆ లుంగీతో పెరట్లో కలంకారీ అద్దకానికి కరక్కాయ నీళ్ళలో బట్ట ముంచుతుంటే వెనకనుంచి చూసి, ఇతను నా వాడా, నిజంగానా, ఎవరైనా వచ్చి కాదమ్మా పొరపాటైంది అనరు కదా అనుకున్నాను. ఆయన. ఈ మాట కూడా ఎంత కొత్తగా ఉంది నోట్లో. కాలేజీలో మా స్నేహితురాళ్ళు ఎవరైనా ఆయన అంటే ఎగతాళి చేసేదాన్ని, పేరు లేదా ఆ మనిషికి అని. ఉంది, దుర్గాప్రసాద్, అందరికీ ప్రసాద్, నాకు ఆయన. ఒక్కర్తినే ఉన్నప్పుడు కూడా లోపల అనుకుంటూ ఉంటాను, ఆయన కందిపచ్చడిలో నెయ్యి ఎక్కువ వేసుకుంటాడు, ఆయన నిద్రలో కుడిపక్కకే తిరుగుతాడు, ఆయన చొక్కాలన్నిటికీ పటిక వాసన, ఎన్నిసార్లు ఉతికినా పోదు, పోకూడదు. ఒక చొక్కా బ్యాగులో తెచ్చుకున్నాను. మా అమ్మకి తెలీదు. తెలిసినా తెలీనట్టు ఉందేమో.

ఆషాఢం వచ్చి పన్నెండు రోజులు. కొత్త కోడలూ అత్తగారూ ఈ నెలంతా ఒకే గడప దాటకూడదు, అందుకని కోడలు పుట్టింటికి. బయల్దేరే ముందు నేను ఆయనతో వాదించాను, గుసగుసగా, వంటింట్లో. అత్తయ్య ఏ గడపా దాటలేకుండా ఉన్నప్పుడు ఇద్దరం ఒకే గడప ఎలా దాటుతామండీ, లెక్క ప్రకారం నేను ఉండిపోవచ్చు కదా అన్నాను. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నాకూ అన్నాక తెలిసింది ఏమన్నానో. పక్కగదిలో అత్తయ్య మంచం మీద పడుకుని ఉంది, మోకాలికి కట్టుతో, కళ్ళు తెరిచే. విందేమో. ఆ మాట పన్నెండు రోజులుగా నాతోనే పడుకుంటోంది, నాతోనే లేస్తోంది. వచ్చేసేటప్పుడు అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచి, తన కుడిచేతిని ఎడమచేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి, కుంకుమభరిణెలో వేలు ముంచి, అలాగే మోసుకొచ్చినట్టు నా నుదుటి దాకా తెచ్చి బొట్టు పెట్టింది. ఎడమచేత్తో పెట్టేస్తే క్షణంలో అయిపోయేది. పెట్టలేదు. కొంచెం పక్కకి జరిగిన బొట్టు, కనుబొమ్మ మీదికి జారిన బొట్టు. “వెళ్ళిరా” అంది. వెళ్ళిరా అంతే. తొందరగా రా అనలేదు, జాగ్రత్త అనలేదు, వీడు తిండి సరిగ్గా తినడు అని నా ముందు ఆయన్ని తిట్టలేదు. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకపోతే అంత ఖాళీగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. బండి మీద చల్లపల్లి దాటాక ఆయన వెనక్కి తిరిగి, బొట్టు సరిచేసుకో అన్నాడు. సరిచేసుకోలేదు.

ఆ రోజు ఆయన నన్ను నేరుగా ఇంటికి తేలేదు. కోడూరు దాటించి పాలకాయతిప్ప తీసుకెళ్ళాడు. నెల రోజులు చూడనుగా, ఒక గంట దొంగిలిద్దాం అన్నాడు, ఇంత బాగా మాట్లాడతాడని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం ఎండ, ఎవరూ లేరు, కృష్ణ నీళ్ళు ఒక రంగు, సముద్రం నీళ్ళు ఒక రంగు, మధ్యలో గీత. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసకలో నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే ఆయన అడుగులు ఎంత ముద్దొచ్చాయో, పెద్దవి, సమానంగా, కుడీ ఎడమా కుడీ ఎడమా, ఎంత దూరం చూసినా ఒకేలా. మనుషులు ఇంత తేలిగ్గా నడుస్తారా అనిపించింది. నెల పైగా నేను చూస్తున్న అత్తయ్య నడక వేరు. అప్పుడు ఏం బుద్ధి పుట్టిందో, కుడికాలు బిగబట్టి, మడమ ఎత్తకుండా, తుంటి దగ్గర్నుంచి కాలిని పక్కకి తిప్పి ఈడ్చాను. పది అడుగులు. ఇసకలో ఒక పాదం, ఒక గీత, ఒక పాదం, ఒక గీత. పదో అడుగుకి నడుం లాగేసింది. ఆయన చూశాడు. నవ్వలేదు. వచ్చి నా పక్కన, కుడి పక్కన, అరడుగు వెనకగా నిలబడ్డాడు, అత్తయ్యకి నడక నేర్పే సుమయ్యా మేడమ్ మాకు చూపించినట్టే. కాసేపటికి అల వచ్చి రెండు రకాల అడుగుల్నీ తీసుకెళ్ళింది. నాకు ఆ నిమిషం మళ్ళీ కావాలి. ఆయన అరడుగు వెనక ఉన్నప్పుడు నా వీపుకి తగిలిన ఆ వేడి కావాలి. పెడనలో మా ఇంటి అచ్చుల షెడ్డూ, అందులో టకటకా చప్పుడూ, ఆ చప్పుడు మధ్యలో అత్తయ్య తిట్లూ కావాలి. పెళ్ళై రెండు నెలలు కాలేదు, ఇది పుట్టిల్లు, ఇరవై నాలుగేళ్ళు పెరిగిన ఇల్లు, ఇక్కడ కూర్చుని ఆ ఇంటికి బెంగ పెట్టుకున్నాను. చెబితే మా అమ్మ ఏడుస్తుంది, లేకపోతే వీధంతా చెప్పుకుని మురిసిపోతుంది, ఏది చేస్తుందో చెప్పలేను.

అత్తయ్యకి పక్షవాతం వచ్చింది జనవరిలో, మా నిశ్చితార్థమైన పదకొండో రోజున. గుడివాడలో ఒక బట్టల కొట్లో కూర్చుని దుప్పట్లు చూపిస్తోందట. మావయ్యగారు పోయి పదేళ్ళు, అప్పట్నుంచీ అచ్చులు వెయ్యడమే కాదు, ఎండబెట్టడం, కొట్లకి తిరగడం అన్నీ తనే. టీ గ్లాసు చేతిలోంచి జారింది, మూతి పక్కకి వెళ్ళింది, దుప్పటి ధర చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. కొట్టాయన తెలివైనవాడు, నిమ్మరసం, విశ్రాంతి అని కూర్చోకుండా కారెక్కించి ఆసుపత్రికి పట్టుకెళ్ళాడు, అందుకే ఈమాత్రం మిగిలింది అన్నాడట డాక్టరు. మిగిలింది అనే మాట నాకు నచ్చదు. మా వైపు కొందరు పెళ్ళి ఆపుదామన్నారు, వాళ్ళ వైపు ఒక పెద్దావిడ ఆసుపత్రి మంచం పక్కనే నిలబడి, పిల్ల కుదిరిన వేళావిశేషం అంది. అప్పటికి అత్తయ్యకి మాట పూర్తిగా రాలేదు. అయినా ఒక్కో ముక్కా కూడబలుక్కుని, “బీపీ మాత్రలు మానేసింది నేను. పిల్లేం చేసింది. మాత్రలు నిశ్చితార్థం మింగిందా?” అందట. ఆ సంగతి ఆయన నాకు ఫోన్లో చెప్పాడు, అప్పటికి మా ఇద్దరిదీ ఇంకా మీరు అంటే మీరు అనుకునే దశ. ఆ రాత్రే నాకు ఆయన కన్నా ముందు ఆవిడ మీద ప్రేమ పుట్టిందంటే ఎవరూ నమ్మరు. పెళ్ళిలో ఆవిడ కుర్చీలో కూర్చునే అక్షింతలు వేసింది. గృహప్రవేశానికి కారు దిగి వాకిట్లో నిలబడితే ఆడవాళ్ళందరూ ఒకటే అరుపులు, కుడికాలు, కుడికాలు పెట్టమ్మా, కుడికాలు ముందు అని. హారతి పళ్ళెం అత్తగారి చేతిలో ఉండాలి. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో తలుపు పక్కన ఉంది, హారతి వేరే ఎవరో ఇచ్చారు. గడప దాటుతూ పక్కకి చూశాను. అత్తయ్య నా మొహం వైపు చూడటం లేదు. నా కాలి వైపు చూస్తోంది. గడప మీంచి లేచి, దాటి, అవతల ఆనిన నా కుడికాలి వైపు, ఆకలైనవాళ్ళు పక్కవాళ్ళ విస్తరి చూసినట్టు.

అప్పుడే అనుకున్నాను, ఈవిణ్ణి నడిపించాలి అని. కొత్త కోడళ్ళు ఏమేం అనుకుంటారో, కర్టెన్లు మార్చాలి, వంటింట్లో సామాను సర్దాలి, నాకు ఇదొక్కటే. మంగళవారం, శుక్రవారం బందరు తీసుకెళ్ళేవాళ్ళం, ఫిజియోథెరపీకి, సుమయ్యా మేడమ్ దగ్గరికి. మేడమ్ అంటున్నాను గానీ నాకన్నా రెండేళ్ళు పెద్దదేమో, తలకి గులాబిరంగు స్కార్ఫు, నవ్వితే చెంప మీద సొట్ట, పనిలో మాత్రం పోలీసు. మెదడులో ఒక దారి మూసుకుపోయిందండీ, పక్కనుంచి ఇంకో దారి వేసుకోవాలి, పొలంలో కాలిబాట ఎలా పడుతుంది, ఒక్కసారి నడిస్తే పడుతుందా, రోజూ నడిస్తేనే కదా, అలాగే, అనేది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం పదిసార్లు. వంటగట్టు పట్టుకుని బరువు కుడికాలి మీదికి మార్చడం, పది అంకెలు లెక్కపెట్టడం, మళ్ళీ ఎడమకి. పక్కకి నడవడం. ఈ పక్కకి నడవడం దగ్గర అత్తయ్య ఎగిరిపడింది. “ఇరవై ఎనిమిదేళ్ళు బల్ల పక్కన పక్కకి జరుగుతూ అచ్చులేశాను, నాకు నేర్పుతావా?” అంది. నిజమే, అచ్చు వేసేవాళ్ళ నడక అదే, బట్ట పొడుగునా ఒక్కో అడుగు పక్కకి, చేతిలో అచ్చు, పక్కన రంగు పళ్ళెం. ఇంటికొచ్చి అచ్చుల బల్ల పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి జరిగింది, ముందుకి నాలుగడుగులు వెయ్యలేని మనిషి. ఇద్దరం నవ్వుకున్నాం. ముందుకి నడవడానికి గీత మీద నడిపించమంటే ముగ్గుపిండితో వాకిట్లో పొడుగ్గా గీత గీశాను. “ముగ్గు తొక్కమంటావా? మీ అమ్మ ఇదే నేర్పిందా?” అంది. సరేనని, పనికిరాని బట్ట ఒకటి నేలకి పరిచి, జారకుండా చుట్టూ టేపు అంటించి, దానిమీద అడుగుకొక పద్మం అచ్చు వేశాను, పాదం పద్మం మీద పడాలి. నాకు అచ్చు వెయ్యడం అంతకు ముందు రాదు. అత్తయ్య చూసి, “నడక నేర్పుతున్నావా, తాగుబోతు దారి గీస్తున్నావా?” అంది. ఆ వంకర పద్మాల మీదే మొదటిరోజు ఆరడుగులు, వారానికి పద్దెనిమిది. నేను కుడి పక్కన, అరడుగు వెనక, ఆవిడ నడుముకి చుట్టిన గుడ్డబెల్టు పట్టుకుని. చెయ్యి పట్టి లాగకూడదు, లాగితే భుజం కీలు జారుతుంది, బెల్టే పట్టుకోవాలి. ఆవిడ వీపు నా చేతికి తగులుతూ ఉండేది, ప్రతి అడుగుకీ ముందు చిన్న బిగింపు, అడుగు పడ్డాక చిన్న సడలింపు. కొన్నాళ్ళకి ఆ బిగింపుని బట్టి అడుగు పడుతుందో లేదో ముందే తెలిసేది నాకు. ఒక మనిషి వెన్ను అంత బాగా తెలియడం, అది ప్రేమ కాకపోతే ఏంటి.

ఆ తర్వాత ఆ గురువారం. జ్యేష్ఠమాసం ఇంకా ఐదు రోజులుందనగా. దీపాల వేళ. సాయంత్రం గాలికి అరుగు మీద కూర్చోబెట్టి, లోపల దీపం పెట్టొచ్చి, ఇంక లోపలికి వెళ్దాం అత్తయ్యా అన్నాను. లేచింది, కర్ర గడప అవతల పెట్టింది, నేను బెల్టు పట్టుకున్నాను. సుమయ్యా మేడమ్ ఇరవైసార్లు చెప్పింది, మెట్టు ఎక్కాలన్నా గడప దాటాలన్నా మంచి కాలు ముందు, మంచి కాలు ముందు. అత్తయ్యకి మంచి కాలు ఎడమది. నాకు తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ లోపల దీపం వెలుగుతోంది, ఎదురుగా పసుపు రాసిన గడప, నా నోట్లోంచి వచ్చింది, అనాలని అనలేదు, అదే వచ్చేసింది, “కుడికాలు అత్తయ్యా, కుడికాలు” అని. నెల కిందట అదే వాకిట్లో నా చెవుల్లో పడ్డ అరుపు నా నోట్లోంచి బయటికొచ్చింది. అత్తయ్య కుడికాలు ఎత్తింది. ఎత్తాననుకుంది. బొటనవేలు గడపకి కొట్టుకుంది, మోకాలు మడతపడింది, నా చేతిలో బెల్టు ఉంది, మనిషి లేదు. ఆ చప్పుడు. ఎముకకేం కాలేదన్నారు ఎక్సరేలో. సుమయ్యా మేడమ్ వచ్చి చూసి, కాలికి కాదండీ, భయానికి తగిలింది దెబ్బ, అది మానితేనే మళ్ళీ నడక అంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆయన అనలేదు. నేనే చెప్పాను, కుడికాలు అని నేనే అన్నానండీ అని, రాత్రి ఆయన భుజం మీద. ఆయన, ఎవరైనా అదే అనేవాళ్ళు అన్నాడు. ఎవరైనా కాదుగా, నేను కదా. అత్తయ్య మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. కుర్చీలోంచి లేవమంటే రేపు అంది. పద్మాల బట్ట చుట్టేసి బల్ల కింద పెట్టించింది. గది గడప కూడా దాటలేదు, ఆయనే ఎత్తుకుని తిప్పాడు. ఆ ఐదు రోజుల్లో నాతో మాట్లాడినవి లెక్కపెడితే, మంచినీళ్ళు, చాలు, ఫ్యాను తగ్గించు, వెళ్ళిరా.

ఇప్పుడు ఆవిడ గడప దాటింది, నేను లేకుండా. అరవై కిలోమీటర్ల ఇవతల చేతులకి గోరింటాకు పెట్టుకుని కూర్చుంటే దాటింది. సంతోషంగా ఉంది, ఒట్టు, ఒళ్ళంతా సంతోషంగా ఉంది, కానీ సంతోషం అడుగున ఇంకేదో ఉంది, పాయసంలో ఇసక రేణువు పళ్ళ కింద పడ్డట్టు. నేనుంటే దాటలేదు. నేను వెళ్ళాక దాటింది. నా చెయ్యి వీపుకి తగిలితే ఆ గురువారం గుర్తొస్తుందేమో ఆవిడకి. అదే చెబుతుందేమో. మర్యాదగానే చెబుతుంది, ఇంక నువ్వు పట్టుకోవద్దులే అమ్మాయ్, ఎవరినైనా మనిషిని పెట్టుకుంటాం, నువ్వు వంటపని చూసుకో అని. వంటపని చూసుకుంటాను, చూసుకోనని కాదు. కానీ ఆ ఇంట్లో నా చోటు వంటింట్లో కాదని నేను అనుకున్నాను. నా చోటు కుడి పక్కన, అరడుగు వెనక అనుకున్నాను.

“ఏంటే మొహం అలా పెట్టావ్, వాళ్ళమ్మ నడిస్తే మంచిదేగా?” అంది అమ్మ, చేతులు కడిగించడానికి చెంబుతో వచ్చి. మంచిదే అమ్మా అన్నాను. “మరి?” మరేం లేదు. నీళ్ళు పోస్తుంటే ఎండిన ముద్దలు ఊడి కాలవగట్టు వైపు కొట్టుకుపోయాయి. అమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి ఏదో వేళాకోళం ఆడింది ఆయన గురించి, నేను వినలేదు, వినకపోయినా సిగ్గుపడ్డాను, ఈ మధ్య అలవాటైపోయింది. తన కొంగుతో నా చేతులు తుడుస్తూ మెల్లిగా, “నేను నీ వయసులో మా అత్తగారంటే భయంతో చచ్చేదాన్ని. నువ్వేంటే ఆవిడ ఫోను చెయ్యలేదని ఏడుపుమొహం పెట్టావ్?” అంది. ఏడుపుమొహం కాదు అన్నాను. “అద్దం తేనా?” అంది. అప్పుడే ఫోను మోగింది. చేతులింకా తడి. తెర మీద వేలు పెడితే పలకలేదు, రెండోసారి పలకలేదు, మూడోసారి మోచేత్తో నొక్కాను.

“ఏమ్మాయ్, చచ్చిపోయావా ఫోను తియ్యడానికి?” అంది అత్తయ్య.

తిట్టింది! మాట కొంచెం ముద్దగా, స అన్నచోట కొంచెం జారుతూ, కానీ తిట్టింది. నేను గోడకి ఆనుకున్నాను. చేతులు తడి అత్తయ్యా అన్నాను. “వాడు చెప్పాడా?” “చెప్పారు. కానీ ఏ కాలో చూళ్ళేదట.” “వాడేం చూస్తాడు! కోడిపిల్లని పట్టేవాడిలా రెండు చేతులూ చాపుకుని నా వెనకాల తిరిగాడు. ఎడమ కాలు. ఎడమ కాలే పెట్టాను. లోపలికి రాబోతుంటే కుడికాలు దానంతటదే లేవబోయింది, ఉండవే అని దాన్ని తిట్టి, ఎడమది పెట్టాను. లక్ష్మీదేవికి నా సంగతి తెలుసులే.” నవ్వబోయాను, నవ్వు రాలేదు. అత్తయ్యా, ఆ రోజు నేను కుడికాలు అనకుండా ఉంటే, అన్నాను. అన్నాక అటునుంచి అచ్చుల చప్పుడు వినపడింది, ఎవరో షెడ్డులో వేస్తున్నారు, టక్, టక్. “నువ్వు అనకపోయినా కుడికాలే పెట్టేదాన్ని” అంది. “నలభై ఏళ్ళ అలవాటు. నువ్వన్నావ్ గాబట్టి నీ మీదికి పోయింది. పడ్డది నేను, ఏడ్చింది నువ్వు, వాడు ఇద్దర్నీ చూసి బిక్కమొహం వేశాడు. నాకు మాట్లాడాలంటే సిగ్గేసింది అమ్మాయ్. నీ ముందు అలా పడ్డానని.” సిగ్గు. పన్నెండు రోజులు నేను కోపం అనుకున్నది సిగ్గట. ఆ గోడవైపు తిరిగిన వీపు, నాకు అంత బాగా తెలుసనుకున్న వీపు.

“విను. రేపు మంగళవారం. సుమయ్య పరీక్ష పెడుతుందట నాకు. కుర్చీలోంచి లేచి, కర్ర లేకుండా గోడ దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి, గడియారం పట్టుకుంటుంది. మళ్ళీ నడక మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నేను కిందికి చూస్తున్నానని తిడుతోంది ఆ పిల్ల. ఎదురుగా చూడండి, ఎదురుగా చూడండి అని. ఎదురుగా ఏముంది, గోడ. గోడని చూస్తూ నడవబుద్ధి కావట్లేదు నాకు. నువ్వు రా.” పట్టుకుంటాను అత్తయ్యా, కుడి పక్కన, అన్నాను వెంటనే. “పట్టుకోవద్దు. పట్టుకోడానికి సుమయ్య ఉంటుంది. నువ్వు గోడ దగ్గర నిలబడు. నీ వైపు నడుస్తాను.”

ఆషాఢం అత్తయ్యా అని నేనే అన్నాను. “నేను ఆలోచించాను” అంది, పెద్ద తెలివైన పని చేసినవాళ్ళ గొంతుతో. “సుమయ్య దగ్గర గడప లేదు. పేషెంట్ల కాళ్ళకి తగులుతుందని తీయించేసింది. గచ్చు వీధిలోంచి తిన్నగా లోపలికి పోతుంది. గడపే లేనిచోట ఒకే గడప ఎలా దాటుతాం?” వంటింట్లో నేనన్న మాట విననే వింది. విని, పన్నెండు రోజులు పెట్టుకుని, నాకే తిప్పి ఇచ్చింది. ఇన్ని మంగళవారాలు వెళ్ళాను అక్కడికి, గడప లేదని ఒక్కసారీ చూడలేదు నేను. గడప లేకపోతే ఎవరు చూస్తారు. వెనకనుంచి ఆయన గొంతు, మరి నేను అని. “నువ్వు బయట బండి దగ్గర కూర్చో. ఆషాఢం” అంది అత్తయ్య. ఫోను పెట్టేసింది, పెట్టేముందు మామూలుగా అనే మాట కూడా అనకుండా, పని అయిపోయినవాళ్ళలా.

అమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. “ఏమంటుంది?” అంది. చెప్పాను. “ఆషాఢంలో మొగుడి మొహం చూడకూడదే!” అంది. ఆయన మొహం చూడనమ్మా, అత్తయ్య కాళ్ళు కూడా చూడను, ఆవిడ కళ్ళల్లోకి చూడాలి, అదే పని అన్నాను. “మీ నాన్నకేం చెప్పను?” ఉన్నది చెప్పు. బీరువాలోంచి ఏ చీర తియ్యాలా అని అప్పుడే లోపలికి నడుస్తున్నాను, దూరం నుంచి కనబడే రంగు ఉండాలి, కిందికి చూడబుద్ధి కాని రంగు, పసుపుపచ్చదా, ఎర్రదా. మొదటి బస్సు ఆరున్నరకి. అవనిగడ్డలో మారాలి, పులిగడ్డ వంతెన దాటేసరికి ఎనిమిదిన్నర, బందరు పది లోపే. “అమ్మా, రేపు పొద్దున ఐదింటికి నన్ను లేపు” అన్నాను. “పది గంటలకి నేను గోడ దగ్గర నిలబడి ఉండాలి.”